షుగరు వైద్యం: అందరూ కలిసి చేస్తేనే మేలు

షుగరు జబ్బు ఒక అవయవంతో ఆగేది కాదు. అది కళ్లను, మూత్రపిండాలను, గుండెను, పాదాల నరాలను మెల్లమెల్లగా దెబ్బతీస్తుంది. అందుకే ఒకే రోగి ఊళ్లో ఒక డాక్టరుగారి దగ్గర మాత్రలు రాయించుకుంటాడు, పట్నంలో కళ్లు చూపించుకుంటాడు, రక్తపరీక్ష ఇంకోచోట చేయించుకుంటాడు. వీరిలో ఒకరు చేసిన పని మరొకరికి తెలియకపోతే నష్టపోయేది రోగే.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు షుగరు ఉంది. కనుక ఈ పాఠం ప్రతి కుటుంబానికీ అవసరమే.

ప్రమాదం ఎక్కడ ఉంది?

ఇద్దరు డాక్టర్లు ఒకే మందును వేర్వేరు కంపెనీల పేర్లతో రాయవచ్చు. రోగి రెండూ వేసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. మూత్రపిండాలు బలహీనపడినట్లు లేబొరేటరీ రిపోర్టులో ఉన్నా, ఆ కాగితం బీరువాలోనే ఉండిపోతే డాక్టరుగారు మందు మోతాదు మార్చలేరు. అదే సమయంలో మోకాళ్ల నొప్పులకు దుకాణంలో కొన్న మాత్రలు మూత్రపిండాలను ఇంకా పాడుచేస్తాయి.

షుగరు ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుచేత 2017లో మన దేశంలో క్షయ, షుగరు కార్యక్రమాలు కలిసి పనిచేసేలా విధానం రూపొందింది. దాని ప్రకారం క్షయ రోగులకు షుగరు పరీక్ష చేస్తారు, షుగరు రోగులను దగ్గు, జ్వరం గురించి అడుగుతారు.

కలిసి పనిచేస్తే ఫలితం ఉంటుందా?

ఉంటుంది. ఇండియా, పాకిస్తాన్‌లలోని 10 వైద్య కేంద్రాలు కలిసి, షుగరు అదుపులో లేని 1,146 మందిపై రెండేళ్లకు పైగా ఒక పరిశోధన చేశాయి. కొందరికి మామూలు వైద్యమే అందించారు. మిగిలినవారికి కొత్త మందేమీ ఇవ్వలేదు. రోగిని వెంటబడి పిలిపించే ఒక సహాయకుణ్ణి, డాక్టరుకు తగిన సూచనలిచ్చే కంప్యూటర్ రికార్డును మాత్రం ఏర్పాటు చేశారు. 2016లో ఫలితాలు వచ్చాయి. షుగరుతో పాటు బీపీ గాని, చెడు కొలెస్ట్రాల్ గాని అదుపులోకి వచ్చినవారు మామూలు వైద్యంలో నూటికి 8 మంది, ఈ పద్ధతిలో 18 మంది. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. అయినా నూటికి 82 మంది ఇంకా ఆ గమ్యం చేరలేదు. చేయవలసిన పని ఎంతో మిగిలే ఉంది.

మనం ఏమి చేయాలి?

1. ఒకే పుస్తకం పెట్టుకోండి. అన్ని చీటీలు, రిపోర్టులు తేదీల వరుసలో అందులో ఉంచి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా తీసుకువెళ్లండి.

2. వాడే మందులన్నీ చూపించండి. నొప్పి మాత్రలు, నాటు మందులు కూడా దాచవద్దు.

3. పరీక్షలు మరచిపోవద్దు. మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష, అదుపులో ఉంటే ఆరు నెలలకోసారి, లేకపోతే మూడు నెలలకోసారి అవసరం. బీపీ వెళ్లినప్పుడల్లా చూపించుకోండి. కంటి వెనుక పొర, మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్ట్రాల్, పాదాలు కనీసం ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి. చూపు బాగానే ఉన్నా కంటి పరీక్ష మానవద్దు. తొలిదశలో ఏ బాధా తెలియదు.

4. వేరే ఆసుపత్రికి పంపితే, అక్కడివారు చెప్పినది రాయించుకుని వచ్చి పంపిన డాక్టరుగారికి చూపించండి.

5. ఇంట్లో ఒకరు బాధ్యత తీసుకోండి. తేదీలు గుర్తుచేయడం, రాత్రి పడుకునే ముందు పాదాలు చూడడం వారి పని. తిమ్మిరెక్కిన పాదానికి పుండు పడినా నొప్పి తెలియదు. ఆలస్యమైతే కాలే తీసేయవలసి రావచ్చు.

6. 30 ఏళ్లు దాటినవారు ఆశా కార్యకర్తను గాని, ఏఎన్‌ఎంను గాని అడగండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ పరీక్షలు ఉచితం.

డాక్టరుగారితో చెప్పకుండా ఏ మందూ మానవద్దు, మోతాదు మార్చవద్దు.

ఇంటిల్లిపాదీ ఆలోచించండి

మన ఇంట్లో షుగరు ఉన్నవారి కంటి పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది? వారి రిపోర్టులన్నీ ఒకేచోట ఉన్నాయా? తేదీలు గుర్తుచేసేది ఎవరు? ఈ మూడింటికీ జవాబులు ఆ పుస్తకం మొదటి పేజీలో రాసుకుని, ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.