పాత కారునకు క్రొత్త రూపు

ఇంగ్లండులో 1948వ సంవత్సరమున మారిస్ మైనర్ అను చిన్నకారు వెలువడినది. దాని రూపశిల్పి అలెక్ ఇస్సిగోనిస్. ఆ కారు నిర్మాణము నిలిచి ఏండ్లు గడచినను, దానిపై మక్కువగలవారు తుప్పుపట్టిన బండ్లను బాగుచేసి నేటికిని నడుపుచున్నారు. ఈ పనిలో మిక్కిలి ఓర్పు కావలసినది ముందుభాగపు రేకుల అమరిక.

ముందు చక్రములపై రెండు మడ్‌గార్డులును, ఇంజనుపై బానెట్టును ఉండును. మడ్‌గార్డులు బోల్టులతో బిగింపబడునవి. కావున విప్పి మార్చవచ్చును. అయినను పని వానితో మొదలుకాదు, తలుపుతో మొదలగును. తలుపు క్రిందనుండు ఇనుపపట్టె తుప్పుతో బలహీనమైనచో బండి నడుమ క్రుంగి, తలుపు సందు పైన ఇరుకగును. అట్టి తలుపు ప్రక్కన ఏ మడ్‌గార్డును కుదురదు. అందుచేత నేర్పరి మొదట పట్టెను బాగుచేసి, తలుపును సరిదిద్దును.

తరువాత మడ్‌గార్డులను వదులుగా తగిలించి, బానెట్టును మూసి, సందులన్నియు ఒకే వెడల్పున నున్నవో లేవో చూచును. ఒక ప్రక్క సందు తగ్గించిన వేరొక ప్రక్క పెరుగును. కనుక బోల్టు రంధ్రములలోని వెసులుబాటుననుసరించి అన్నిటిని కొంచెము కొంచెముగా జరుపును. అది చాలనిచోట పలుచని బిళ్ళలను ఇరికించును. అన్నియు కుదిరిన పిమ్మటనే గట్టిగా బిగించును.

బానెట్టు కొక్కెము సరిగా పట్టనిచో, వేగముగా పోవునపుడు అది గాలికి లేచి చోదకుని చూపునకు అడ్డుపడవచ్చును. కావున ఈ అమరిక అందమునకు మాత్రమే కాదు, ప్రాణరక్షణకును అవసరము.

రంగు వేయుట కడపటి పని. ముందుగా వేసినచో, రేకును మరల వంచినపుడు రంగు చిట్లిపోవును. మెరయు బండిని చూచి అందరును మెచ్చుకొందురు. ఆ మెరుపునకు ముందు బోల్టులను ఎన్నిమారులు వదలించి బిగించెనో పనివానికే తెలియును.