ఒకే మోడల్, వేర్వేరు తెరలు: ఆఫీసు లాప్‌టాప్‌పై ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా ఆఫీసులో నాకూ, పక్క సీటు ఆవిడకూ ఒకే మోడల్ లాప్‌టాప్ ఇచ్చారు. ఎక్సెల్‌లో పసుపు, నారింజ రంగులు వేసిన గళ్లు ఆవిడ స్క్రీన్ మీద విడివిడిగా తెలుస్తాయి. నా దాంట్లో రెండూ ఒకేలా ఉంటాయి. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినా పాలిపోయినట్టే ఉంది. సర్వీసుకిస్తే ‘ఏ లోపమూ లేదు’ అన్నారు. నిజమేనా?
- ఓ అకౌంటెంట్, విజయవాడ

జవాబు: సర్వీసు వాళ్లు చెప్పింది నిజమే, మీకు కనిపిస్తున్నదీ నిజమే. బిజినెస్ లాప్‌టాప్‌లలో మోడల్ పేరు ఒకటే అయినా తెరలు రెండు మూడు రకాలుంటాయి. థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్, ఏది తీసుకున్నా ఇదే వరస. మూకుమ్మడిగా ఆర్డరిచ్చేటప్పుడు అందరి చూపూ ప్రాసెసర్, ర్యామ్ మీదే ఉంటుంది. తెర దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా చవక రకానికి టిక్కు పడుతుంది. ఏళ్లుగా ఆ చవక రకం గుర్తు ఒకటే: 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. మొదటి అంకె వెలుతురుది, రెండోది రంగులది. ఎన్‌టీఎస్‌సీ అన్నది 1953 నాటి అమెరికా కలర్ టీవీ కొలత. వెబ్ పేజీలూ ఫొటోలూ ఇప్పుడు నడిచేది ఎస్‌ఆర్‌జీబీ మీద. ఆ లెక్కలో చూస్తే మీ తెర చూపించగలిగేది మూడింట రెండొంతుల లోపే. అందుకే ఎరుపు ఇటుక రంగుకు దిగుతుంది, నారింజ పసుపులో కలిసిపోతుంది. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అన్నా, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అన్నా ఇంచుమించు ఒకటే. అలాంటి తెరలు ఎక్కువగా 300, 400 నిట్స్‌తో వస్తాయి. ఆవిడకు దక్కింది బహుశా అదే.

చిక్కు అక్కడితో ఆగదు. అంకెలన్నీ ఒకటే అయినా ఒక లాప్‌టాప్‌లో బీఓఈ కంపెనీ ప్యానెల్, ఇంకోదాంట్లో ఏయూఓదో, ఇన్నోలక్స్‌దో ఉండవచ్చు. పక్కపక్కన పెడితే ఒకటి నీలానికి, ఇంకోటి పచ్చకు మొగ్గుతుంది. బాక్సు మీద ఇదేదీ రాయరు.

ఫిర్యాదుకు ముందు ఒక పని చేయండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇంటెల్ గ్రాఫిక్స్ కరెంటు ఆదా కోసం తెర వెలుతురు తగ్గించి, కాంట్రాస్ట్ మారుస్తుంది. ఛార్జర్ పెట్టి చూడండి, ఇంటెల్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే పవర్ సేవింగ్ ఆపి చూడండి. అప్పటికీ అంతే ఉంటే ఐటీ విభాగాన్ని రెండు లాప్‌టాప్‌ల ప్యానెల్ పార్ట్ నంబర్లూ అడగండి. ‘స్క్రీన్ బాగాలేదు’ అంటే ఎవరూ పట్టించుకోరు. నంబర్లు అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ప్రశ్న: నా కళ్లజోడు యాంటీగ్లేరే, అద్దం నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఆఫీసు లాప్‌టాప్ కూడా యాంటీగ్లేరేనట, కానీ తెల్ల పేజీ తెరిస్తే సన్నటి ఇసుక చల్లినట్టు కనిపిస్తోంది. ప్యానెల్ పాడైందా?
- ఓ లెక్చరర్, కర్నూలు

జవాబు: పాడవలేదు. రెండూ పనిచేసే తీరు వేరు. మామూలు అద్దం తన మీద పడ్డ వెలుతురులో ఒక్కో ముఖం నుంచి సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. కళ్లజోడు మీద వేసేది అతి పల్చటి పూత. దాని పై అంచు నుంచీ కింది అంచు నుంచీ తిరిగొచ్చే కాంతి తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఏటవాలుగా చూస్తే కనిపించే పచ్చ, ఊదా ఛాయ పూర్తిగా రద్దుకాని కాంతి మిగులే. లాప్‌టాప్ తెరది మొరటు పద్ధతి: పైపొరను గరుకు చేసి, పడ్డ వెలుతురును అన్ని వైపులా చెదరగొట్టడం. వెనక ఉన్న ట్యూబ్‌లైటు గీతలా కనిపించదు, నిజమే. కానీ ఆ వెలుతురు ఎక్కడికీ పోదు. తెరంతా పల్చటి తెల్లటి పొరలా పరుచుకుని నలుపును బూడిద రంగు చేస్తుంది. లోపలి నుంచి వచ్చే వెలుతురూ ఆ గరుకు దాటే రావాలి కాబట్టి తెలుపు మీద ఇసుక మెరుపు. నాసిరకం కోటింగ్‌లో ఇది ఎక్కువ.

ఎనిమిది గంటలు అక్షరాలు చదివేవాళ్లకు నా ఓటు గరుకు తెరకే, దానికి 400 నిట్స్ తోడుంటే. 250 నిట్స్‌తో కిటికీ ముందు కూర్చుంటే ఏ కోటింగూ కాపాడదు. కిటికీ మీ వెనకా వద్దు, ఎదురుగా కూడా వద్దు. పక్కన ఉండేలా బల్ల తిప్పుకోండి, ఖర్చు లేని పని.

ప్రశ్న: సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రీఫర్బిష్డ్ బిజినెస్ లాప్‌టాప్ కొనాలనుకుంటున్నాను. తెలుగు టైపింగ్, పేజీల పని. తెర ఎలా చూసుకోవాలి?
- ఓ డీటీపీ ఆపరేటర్, వరంగల్

జవాబు: 1366×768 తెర ఎంత చవకగా ఇచ్చినా వద్దు. 14 అంగుళాల్లో అంగుళానికి 112 చుక్కలే పడతాయి, ఫుల్ హెచ్‌డీలో 157. చిన్న సైజులో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ టైపు చేయండి. ‘స్త్రీ’లో సకారం కింద తావత్తు, పక్కన రావత్తు కలిసి ఒక మచ్చ అయిపోతే ప్రూఫులు దిద్దలేరు. మూత వెనక్కి వాల్చి, కింద నుంచి పైకి చూడండి. రంగులు తిరగబడితే అది టీఎన్ అనే చవక రకం ప్యానెల్, పక్కన పెట్టేయండి. ఐపీఎస్ రకం ప్యానెల్‌లో అలా జరగదు. పూర్తి తెలుపు పేజీలో మచ్చలు, కీబోర్డు ఒత్తుకున్న గళ్లు బయటపడతాయి. పూర్తి నలుపులో అంచుల వెంట కారే వెలుతురు తెలుస్తుంది. డివైస్ మేనేజర్‌లో మానిటర్ హార్డ్‌వేర్ ఐడీ తెరిస్తే మొదటి మూడక్షరాలు చాలాసార్లు ప్యానెల్ తయారీదారువే: సీఎంఎన్ అంటే ఇన్నోలక్స్, ఎల్‌జీడీ అంటే ఎల్‌జీ. వాటితోపాటు ఆ తర్వాత ఉండే నాలుగు అంకెలూ అక్షరాలూ కలిపి షాపులోనే ఫోన్‌లో వెతికితే నిట్స్, రంగుల లెక్క రెండూ చాలావరకు దొరుకుతాయి. ‘తర్వాత మంచి ప్యానెల్ వేయిస్తాం’ అంటే కేబుల్ 30 పిన్నులదా, 40 పిన్నులదా అడగండి. మామూలు ఫుల్ హెచ్‌డీకి 30, 4కే రకాలకు 40. కేబుల్ కలవకపోతే ఆ మాట మాటగానే ఉంటుంది.

ప్రశ్న: తెర మీద మరకలు పడ్డాయి. అద్దాలు తుడిచే స్ప్రే వాడొచ్చా? పైన మ్యాట్ ఫిల్మ్ అతికించొచ్చా?
- ఓ గృహిణి, కాకినాడ

జవాబు: రెండూ వద్దమ్మా. గరుకు మీద ఇంకో గరుకు అతికిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. అమ్మోనియా ఉన్న స్ప్రేలు కోటింగ్‌ను దెబ్బతీస్తాయి. లాప్‌టాప్ ఆపి, మైక్రోఫైబర్ గుడ్డను నీళ్లతో కొంచెం తడిపి, గట్టిగా పిండి, నొక్కకుండా తుడవండి. కోటింగ్ ఒకసారి లేచిందంటే మళ్లీ వేయించే వీలుండదు, ప్యానెల్ మార్చాల్సిందే.