చుక్కలు – వంపులు

సంక్రాంతి నెల పట్టగానే తెలుగు లోగిళ్లలో మెలికల ముగ్గులు కనువిందు చేస్తాయి. ముందు చుక్కలు పెట్టి, పిదప పిండిగీతను వాటి చుట్టూ వంపులు తిప్పుతారు. గీతకు అందాన్నిచ్చేది చేతి నేర్పే అయినా, దానికి దారి చూపేవి చుక్కలే. కంప్యూటర్ తెరపై వక్రరేఖలను గీయడానికి కూడా చుక్కలే ఆధారం.

కంప్యూటర్ చిత్రాలు ప్రధానంగా రెండు విధాలు. మొదటిది పిక్సెల్ చిత్రం. ఇది రంగు గడుల సమూహం. బాగా పెంచితే అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. రెండవది వెక్టర్ చిత్రం. గీత ఏ బిందువుల మీదుగా, ఏ దిశలో సాగాలో తెలిపే లెక్క ఇందులో నిక్షిప్తమై ఉంటుంది. అందువల్ల తపాలా బిళ్లంత చిత్రాన్ని గోడంత పెంచినా అంచుల నునుపు చెడదు.

ఈ లెక్క పుట్టినది చిత్రశాలలో కాదు, కార్ల పరిశ్రమలో. ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ సంస్థలో పనిచేసిన గణితవేత్త పాల్ ద కాస్టెల్జో, కారు పైతొడుగు వంపులను కొద్దిపాటి బిందువులతో నిర్దేశించే పద్ధతిని 1959లో రూపొందించాడు. సంస్థ దానిని రహస్యంగా ఉంచింది. 1960వ దశకంలో రెనో సంస్థ ఇంజనీరు పియరీ బెజియే అటువంటి పద్ధతినే స్వతంత్రంగా సాధించి, లోకానికి వెల్లడించాడు. అందుకే ఆ రేఖలకు 'బెజియే వక్రరేఖలు' అనే పేరు స్థిరపడింది. మరుగున పడిన కాస్టెల్జో కృషికి గుర్తింపు ఆలస్యంగా లభించింది. విద్య పంచితేనే వెలుగుతుందనడానికి ఇదొక నిదర్శనం.

సాధారణంగా వాడే బెజియే రేఖకు నాలుగు బిందువులుంటాయి. మొదటి, చివరి బిందువుల గుండా గీత సాగుతుంది. వీటిని నోడ్లు అంటారు. నడిమి రెండూ పిడుల వంటివి. గీత మొదటి పిడి వైపుగా బయలుదేరి, రెండవ పిడి దిక్కునుండి గమ్యాన్ని చేరుతుంది. పిడిని దూరంగా లాగితే ఆ దిశలో వంపు సాగుతుంది. దగ్గరకు తెస్తే అణగుతుంది.

మన సున్ననే ఉదాహరణగా తీసుకుందాం. దాని వెలుపలి వృత్తానికి పైన, కింద, కుడి, ఎడమల నాలుగు నోడ్లు చాలు. ప్రతి పిడి పొడవు వ్యాసార్ధంలో సుమారు 55 శాతం ఉండాలి. గణితరీత్యా అది సంపూర్ణ వృత్తం కాకపోయినా, ఆ తేడాను కన్ను పసిగట్టలేదు. లోపలి వృత్తానికి మరో నాలుగు నోడ్లు పెడితే సున్న సిద్ధమవుతుంది.

సున్నలోని నోడ్ల వద్ద రెండు పిడులూ ఒకే సరళరేఖపై ఉంటాయి. కనుక గీత నునుపుగా సాగిపోతుంది. తలకట్టు అట్లా కాదు. అది కిందికి దిగి చటుక్కున పైకి మళ్లుతుంది. ఆ మలుపు వద్ద రెండు పిడులనూ విడివిడిగా తిప్పుకోవాలి.

కొత్తగా నేర్చుకునేవారు వంపు కుదరనప్పుడల్లా నోడ్లు చేర్చుతూ పోతారు. నోడు చేర్చినంత మాత్రాన గీత మారదు. కాస్టెల్జో పద్ధతి ఒక రేఖను ఆకారం చెడకుండా రెండుగా విభజిస్తుంది. కానీ తరువాత ఒక్కొక్క నోడును కదిలించేసరికి గీత ఎగుడుదిగుడవుతుంది. కాబట్టి చేర్చే ముందు ఉన్న పిడులను సవరించి చూడాలి. అనవసరమైన నోడును తొలగించడం కూడా చిత్రకారుని నేర్పే.

గుండ్రని వంపులు తెలుగు లిపికి ప్రాణం. తాళపత్రంపై గంటం దిద్దిన ఆ వంపులు నేడు నోడ్లుగా, పిడులుగా మారి ఫాంట్లలో నిలుస్తున్నాయి. గీసేవారికి అక్షరం తెలియకపోతే సాధనం ఎంత గొప్పదైనా 'మ'కూ 'య'కూ భేదం చెరిగిపోతుంది. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తున్నది. విద్యార్థులు దానితో తమ పేరులోని మొదటి అక్షరాన్ని గీసి చూడాలి. అప్పుడు మన లిపిలోని సొగసు కంటికే కాక చేతికి కూడా తెలుస్తుంది.

ప్రశ్నలు
1. పిక్సెల్ చిత్రానికి, వెక్టర్ చిత్రానికి గల భేదమేమి?
2. వక్రరేఖలకు బెజియే పేరు రావడానికి కారణమేమి?
3. సున్నను, తలకట్టును గీయడంలోని తేడాను వివరించండి.