ఈత అద్దాలు – కంటిలోని ఒత్తిడి

ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి, బస్తరులో జగదల్‌పూర్ మీదుగా ప్రవహించి, చిత్రకోట్ వద్ద సుమారు 29 మీటర్ల ఎత్తునుండి దుమికి, చివరకు గోదావరిలో కలుస్తున్నది. ఇటువంటి నదీతీరాలవారికి ఈత పాత విద్యే. కాని ఈతను క్రీడగా అభ్యసించే విద్యార్థులు ధరించే అద్దాలు కొత్తవి. వీటివలన కంటికి మేలా, కీడా?

కంటి ముందుభాగంలో నేత్రోదకం అనే ద్రవం నిరంతరం ఊరుతూ, సన్నని మార్గాలగుండా వెలుపలికి పోతూ ఉంటుంది. ఈ రెండింటి సమతూకమే కంటిలోని ఒత్తిడి. అది సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం.

ఒక మీటరు లోతున నీరు కలిగించే అదనపు ఒత్తిడి సుమారు 74 మిల్లీమీటర్లు. అయినా నీరు శరీరమంతటినీ సమంగా ఒత్తడంవలన కంటికి హాని లేదు. అద్దాల సంగతి వేరు. బిగువైన అంచు కంటిచుట్టూ ఉన్న మెత్తని భాగాన్ని నొక్కుతుంది. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన పరిశీలనలో, అద్దాలు ధరించినప్పుడు ఒత్తిడి సగటున 4.5 మిల్లీమీటర్లు పెరిగినట్లు తేలింది. చిన్న అద్దాలతో పెరుగుదల ఎక్కువ. తీసివేసిన తరువాత ఆ ప్రభావం నిలువలేదు.

ఆరోగ్యవంతులు దీనికి భయపడనక్కరలేదు. నీటికాసుల వ్యాధి ఉన్నవారు మాత్రం జాగ్రత్త వహించాలి. ఈ వ్యాధిని హిందీలో ‘కాలా మోతియా’ అంటారు, కంటిశుక్లం ‘మోతియాబింద్’. రెండు భాషలూ వినిపించే బస్తరులో ఈ పేర్ల పోలిక పొరపాటుకు దారితీయరాదు. శుక్లాన్ని తొలగిస్తే చూపు తిరిగి రావచ్చు. నీటికాసులవలన దృక్‌నాడి దెబ్బతిని పోయిన చూపు తిరిగి రాదు. పైగా చాలామందిలో ఈ వ్యాధి నొప్పి లేకుండానే ముదురుతుంది.

కనుక ఈ సూత్రాలు గమనార్హం: అంచు కనుగుంటచుట్టూ ఎముకపై ఆనే వెడల్పైన అద్దాలు ఎన్నుకోవాలి. పట్టీని నీరు చొరకుండా ఉండేటంతకు మించి బిగించరాదు. విశ్రాంతివేళ అద్దాలు తీసివేయాలి. వాటితో లోతుకు మునగరాదు. లోపలి గాలి ఒత్తిడి బయటి నీటితో సమం కాక కంటి రక్తనాళాలు చిట్లవచ్చు. ముక్కును కూడా కప్పే మునకముసుగు అందుకే ఏర్పడింది. నీటికాసులకు శస్త్రచికిత్స జరిగినవారు నేత్రవైద్యుని సలహా పొందిన పిమ్మటనే ఈతకు దిగాలి.

మురికినీటినుండి, క్లోరిన్‌నుండి అద్దాలు కంటిని కాపాడతాయి. కావలసినది వాటిని మానడం కాదు, తగినవాటిని తగిన బిగువుతో ధరించడం.