ప్రయాణములో ఆపకూడని వేగములు

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వీధులలో నిలిచివుండు కారవాన్ బండ్లు మన పాఠకులలో చాలామందికి పరిచితములే. పడక, అద్దము, నీళ్ళతొట్టి, మరుగుదొడ్డి అన్నీ ఒకే బండిలో అమరియుండుటచేత అది చక్రములమీది ఇల్లు వంటిది. సినీతారల కొరకు వచ్చిన ఇట్టి బండ్లు నేడు కుటుంబ యాత్రలకు కూడ అద్దెకు దొరుకుచున్నవి. గత శీతకాలములో మేము ఆరుగురము అట్టి బండిలో హంపీకి వెళ్ళివచ్చినాము. ప్రయాణమనగానే ఏమి తినవలెను, ఏమి తినకూడదు అని అందరును అడుగుదురు. కాని తిన్నదానికంటె ఆపుకొన్నదే హాని చేయు సందర్భములు అనేకము. ఆ విషయమే ఈ పాఠము.

వేగములనగా నేమి?

శరీరము తనంత తాను పుట్టించు సహజ ప్రేరణకు వేగమని పేరు. చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయములో ఆపకూడని వేగములు 13 చెప్పబడినవి. అవి: మూత్రము, మలము, శుక్రము, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమవలన కలుగు ఆయాసము. మూత్రమును బలవంతముగా ఆపినచో పొత్తికడుపులో నొప్పి, ఉబ్బరము, మూత్రము కష్టముగా వచ్చుట, తలనొప్పి కలుగును. మలమును ఆపినచో కడుపునొప్పి, పిక్కలు పట్టుట. దప్పికను ఆపినచో గొంతు ఎండుట, బడలిక కలుగును.

ఆధునిక వైద్యమును ఇదే మార్గమున చెప్పుచున్నది. స్త్రీలలో మూత్రనాళము పొట్టిది కనుక సూక్ష్మక్రిములు మూత్రాశయమును సులభముగా చేరగలవు. తగినంత నీరు త్రాగి, వేళకు మూత్రవిసర్జన చేసినచో అవి కొట్టుకొనిపోవును. నీరు మాని, మూత్రమును ఆపుకొన్నచో అక్కడనే పెరుగును.

ఫిలింనగర్ పరిసరములలో వైద్యము చేయు నేను దీనిని తరచు చూచుచుందును. కారవాన్ ప్రధాన తారలకే. నృత్యబృందములోని యువతులు, చిన్న వేషములు వేయువారు బయటి చిత్రీకరణకు పోయినపుడు ఉదయము నుండి నీరు ముట్టక, సాయంత్రము మంటతో వచ్చెదరు. 2024 ఆగస్టులో వెలువడిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక మలయాళ చిత్రసీమలోని స్త్రీలను గూర్చి ఇదే బాధను వ్రాసినది.

బండిలో మరుగుదొడ్డి ఉన్నచో చాలునా?

చాలదని మా ప్రయాణమే చెప్పినది. మహబూబ్‌నగర్, రాయచూరు, గంగావతి మీదుగా హంపీ దూరము సుమారు 370 కిలోమీటర్లు. జడ్చర్ల చేరునప్పటికి మా కోడలు నీళ్ళసీసా మూతయైనను తీయలేదని నా భార్య గమనించినది. మరుగుదొడ్డికి ఉన్నది పలుచని తలుపు, దాని ప్రక్కనే మామగారి ఆసనము! ఇక మా అమ్మగారు, "నా ఒక్కదాని కోసము బండి ఆపుటెందుకు నాయనా?" అని ఊరకుండినారు. సౌకర్యమున్నను సంకోచము పోలేదు.

అందుచేత ఒక నియమము పెట్టుకొంటిమి. ప్రతి రెండు గంటలకు, ఎవరును అడుగకుండగనే, బండి ఆగవలెను. మగవారందరు దిగి పావుగంట నడచిరావలెను. అడుగవలసిన పని లేకపోవుటే అసలైన సౌకర్యము. కృష్ణా వంతెన దాటులోపుననే మా కోడలి సీసా ఖాళీ అయినది.

హంపీలో మరియొక జాగ్రత్త కావలెను. 1336లో స్థాపింపబడి, 1565 యుద్ధము తరువాత పాడుపడిన విజయనగర శిథిలములు సుమారు 41 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నవి. విఠలాలయము వద్ద వాహనములను దూరముననే నిలిపివేయుదురు. మన బండి మన వెంట రాదు. కనుక దిగుటకు ముందే అందరును మూత్రవిసర్జన చేసి, ఎండ ముదురకముందే చూచి తిరిగిరావలెను.

నిద్రయు ఆపరాని వేగమే. చోదకుడు ఆవులించినచో బండి ఆపవలెను. టీ ఇచ్చి నడిపింపరాదు. జనరేటరు నడచుచుండగా మూసిన బండిలో నిద్రింపరాదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో ఆ విషవాయువు వలననే నిలిపియుంచిన కారవాన్‌లో ఇద్దరు మరణించిరి.

వెంట ఉంచుకొనదగినవి

1. ధనియాల నీరు: రెండు చెంచాల ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, రాత్రి గ్లాసు నీటిలో నానవేసి, ఉదయము వడకట్టి, కొద్దిగా కలకండ కలిపి త్రాగవలెను. వేడివలన కలిగిన స్వల్పమైన మంటకు ఉపశమనము. మధుమేహులు కలకండ మానవలెను.

2. బార్లీ నీరు: చెంచా బార్లీని రెండు గ్లాసుల నీటిలో మెత్తబడువరకు కాచి, వడకట్టి, చిటికెడు ఉప్పుతో త్రాగవలెను.

3. శొంఠి: కడుపు త్రిప్పినపుడు చిటికెడు శొంఠిపొడిని తేనెతో నాకవలెను. ఏడాది నిండని శిశువులకు తేనె పనికిరాదు. వాంతి వచ్చినచో ఆపక, బండి నిలుపవలెను.

4. త్రిఫల చూర్ణము: మలబద్ధమునకు రాత్రి అరచెంచా గోరువెచ్చని నీటితో. గర్భిణులు వాడరాదు.

వైద్యుని చూడవలసినపుడు

మూత్రములో రక్తము, చలిజ్వరము, నడుము ప్రక్కల నొప్పి, వాంతులు కనబడినచో గృహవైద్యముతో కాలము గడుపరాదు. క్రిములు మూత్రపిండములకు ప్రాకియుండవచ్చును. గర్భిణులు, మధుమేహులు, పసిపిల్లల విషయములో మంట మాత్రమే ఉన్నను ఆ దినమే చూపవలెను. మూత్రపిండ, హృద్రోగములున్నవారు నీటి పరిమాణమును వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను.

అదే అధ్యాయములో చరకము ఆపవలసిన వేగములను కూడ చెప్పినది. లోభము, క్రోధము, శక్తికి మించిన సాహసము వాటిలోనివి. "ఆగకుండ ఆరు గంటలలో చేరినాము" అని చెప్పుకొను ఉబలాటము ఆ సాహసము వంటిదే. ప్రయాణమునకు బయలుదేరునపుడు దానిని ఆపండి. బండిని మాత్రము రెండు గంటలకొకసారి తప్పక ఆపండి.