బాధను ప్రశ్నగా మార్చుకోండి

"మా నాన్నమ్మకు అల్జీమర్స్. అందుకే మెదడు మీద రీసెర్చ్ చేయాలనుకుంటున్నాను." పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టేటప్పుడు చాలామంది ఇలాగే మొదలుపెడతారు. అది నిజమైన బాధ, దాచుకోనక్కర్లేదు. కానీ అక్కడే ఆగిపోతే ఎదుట కూర్చున్న ప్రొఫెసర్‌కు మీ కష్టం అర్థమవుతుంది గానీ, మీరేం తేల్చాలనుకుంటున్నారో తెలియదు.

సోనియా వల్లభ్ సంగతి చూడండి. అమెరికాలో హార్వర్డ్‌లో లా చదివిన అమ్మాయి. 2010లో తల్లి, మెదడును దెబ్బతీసే ప్రయాన్ వ్యాధితో చనిపోయింది. మరుసటి ఏడాది పరీక్ష చేయించుకుంటే అదే జన్యులోపం తనకూ ఉందని తేలింది. ఆమె, రవాణా ప్రణాళికల రంగంలో ఉన్న భర్త ఎరిక్ మినికెల్ ఉద్యోగాలు వదిలేశారు. సాయంత్రం క్లాసులకు వెళ్లారు, ల్యాబుల్లో కింది మెట్టు నుంచి పని నేర్చుకున్నారు. 2019 నాటికి ఇద్దరికీ హార్వర్డ్ పీహెచ్‌డీలు వచ్చాయి.

ఆ తెగువ గొప్పదే. అంతకన్నా గొప్పది వాళ్లు ప్రశ్నను కుదించుకున్న తీరు. ప్రయాన్ ప్రొటీన్ తయారుకాని ఎలుకలకు ఆ వ్యాధి రాదని 1993లోనే తేలింది. మరి మనిషి మెదడులో ఆ ప్రొటీన్‌ను తగ్గిస్తే? ఎలా తగ్గించాలి? వాళ్లు ఏళ్లుగా పట్టుకున్నది ఈ ప్రశ్ననే. జన్యు సవరణ శాస్త్రవేత్త డేవిడ్ లియూ బృందంతో కలిసి జన్యువులో ఒక్క అక్షరం మార్చి, వ్యాధి సోకిన ఎలుకల ఆయుష్షును సుమారు సగం మేర పెంచిన ఫలితాన్ని 2025లో ప్రచురించారు.

మీ ఇంట్లోనూ ప్రశ్న ఉంది. పగలంతా బాగానే ఉన్న నాన్నమ్మ దీపాలు పెట్టే వేళకు "మా ఇంటికి పోతా" అంటూ చెప్పులు వెతుక్కుంటుంది. ఆమె కాపురం చేసిన ఇల్లే అది! డాక్టర్లు దీన్ని సన్‌డౌనింగ్ అంటారు. సాయంత్రమే ఎందుకు? పగలూ రాత్రీ లెక్క చూసే మెదడు కణాలు దెబ్బతిన్నందుకా, వెలుతురు తగ్గినందుకా, అలసటకా? ఆమె ఎంతసేపు నిద్రపోయింది, ఎంతసేపు ఎండలో కూర్చుంది, గాభరా ఏ గంటకు మొదలైంది, ఓ వారం నోట్‌బుక్‌లో రాయండి. ఆ సమయంలో ఆమె చెయ్యి పట్టుకోవడం మాత్రం మానకండి. తర్వాత దీనిమీద ఒక రివ్యూ పేపర్ తీసి, అర్థంకాని మాటల కింద గీత గీయండి. మీరు ముందు చదవాల్సింది వాటి గురించే.

ఆపైన ల్యాబులకు ఈమెయిల్ రాయండి. బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటిన 10,000 మందిని ఏళ్లతరబడి పరిశీలించే పని పెట్టుకుంది. తెలుగు మాట్లాడే కుటుంబాలు అక్కడ ఎన్నో. ఇలాంటి పనిలో, బడి ముఖం చూడని అవ్వకు చదువుకున్నవాళ్ల కోసం తయారైన జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే, చదువు లేకపోవడమే జబ్బుగా కనిపించే ప్రమాదం ఉంది. ఆమె భాషలో, ఆమె యాసలో, ఓపిగ్గా అడగగలిగే మనిషి అవసరం చాలా ఉంది. మీకు ఏ పల్లెలు తెలుసో, ఏ యాస వచ్చో ఆ ఈమెయిల్‌లో తప్పకుండా రాయండి.