గోపురం వెనక్కి వాలుతోందా?

ప్రశ్న: గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి గోపురాన్ని ఫోన్‌తో తీస్తే వెనక్కి వాలినట్టు వస్తోంది. ఎందుకండీ?

జవాబు: సోమనాద్రి కట్టించిన కోటలో తప్పేమీ లేదు లెండి! దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తడం వల్లే ఈ వాలు. వీలైనంత వెనక్కి నడవండి. కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ పెట్టుకుని, ఫోన్‌ను నిటారుగా పట్టుకోండి. నేల ఎక్కువ పడితే తర్వాత క్రాప్ చేసుకోవచ్చు. 0.5 లెన్స్‌తో తీస్తూ పైకెత్తారో, వాలు ఇంకా పెరుగుతుంది.

గోపురం బొమ్మలకు ఏటవాలు ఎండ కావాలి. మిట్టమధ్యాహ్నం తీస్తే వాటి మొహాలు నీడలో పోతాయి.

వనపర్తి ప్యాలెస్‌కూ వెళ్తారా? అందులో ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. ముందు ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకోండి. తరగతుల వేళ లోపలికి వెళ్లి పిల్లల్ని ఇబ్బంది పెట్టకండి.